కాఫీ అంగళ్ళకు మా గళ్ళ గుడ్డ

1983లో ఎండలు ముదరకముందే మా ఇంట్లో మూడు మగ్గాల్లో రెండు ఆగిపోయాయి. వాటిమీద నేసే ఇద్దరూ పవర్‌లూమ్ షెడ్డులో చేరారు. వాళ్ళను తప్పు పట్టలేము. అక్కడ కరెంటు నేస్తుంది, మనిషి తెగిన దారం ముడివేస్తే చాలు. నగరిలో మా వీధికి పొద్దున్నే వినిపించే మగ్గాల చప్పుడు పలచబడి, పక్క వీధి మోటార్ల హోరు మా వంటింటి దాకా వచ్చింది.

ఆ షెడ్డు తిరుమలయ్యది. నాయనకు చిన్ననాటి స్నేహితుడు. ఒకరోజు వచ్చి మా అరుగుమీద కూర్చున్నాడు.

"మునెంకటప్పా, మీ నడవ సగం ఖాళీగా ఉండాది. మగ్గాలు తీసేసి నాకియ్యి. నాలుగు పవర్‌లూములు దించుతా. నువ్వు మేస్త్రీగా ఉండు. కుర్సీలో కూర్సొని సూస్తా ఉంటే సాలు."

"ఏం సూసేది? అది నేస్తా ఉంటే నేను పక్కన కూర్సొని దానికి ఇసనకర్రతో ఇసరాల్నా?"

"ఇసరు. మోటారు వేడెక్కతాది" అని తిరుమలయ్య పెద్దగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చేతి లుంగీ ఎవురు కొంటా ఉండారప్పా? నీకు తెలీంది కాదు. ఈ ఎండలు పోయేలోగా ఒక మాట చెప్పు. నువ్వు కాదంటే ఇంకో ఇల్లు సూసుకుంటా."

నాయన సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన వెళ్ళాక లోపలికి వచ్చి తన మగ్గంలో కూర్చున్నాడు. ఆ పూట చాలాసేపు అడ్డదారం మోసే నాడె కదల్లేదు.

మా వంశంలో మొదట బడి గడప దాటి కాలేజీకి పోయినవాణ్ణి నేను. తిరుపతిలో బి.ఏ. చేసి, ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. "ఏమైంది రా నీ ఉద్యోగం" అని నాయన ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడం వల్లనే నాకు ఏదో ఒకటి చేయాలనిపించేది.

ఆ సమయంలోనే మునిరత్నం మామ రాసిన జాబు వచ్చింది. మామ మా అమ్మకు తమ్ముడు. వయసులో ఉండగా ఓడెక్కి పినాంగుకు పోయి, భుజాన మూటేసుకొని గుడ్డలమ్మి, అక్కడినుంచి థాయిలాండుకు చేరి, సముయి అనే ద్వీపంలో ఒక పిల్లను పెళ్ళి చేసుకొని అక్కడే నిలిచిపోయాడు. ఆయన రాసింది ఇదీ: "ఈడ సముద్రం ఒడ్డున కొత్తగా కాఫీ అంగళ్ళు లేస్తా ఉండాయి. తెల్లోళ్ళు పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా సముద్రాన్ని చూస్తా ఉంటారు. బల్లలమీద వేసేదానికి వీళ్ళకు గుడ్డలు లేవు. నా పాత లుంగీ చూపిస్తే ముచ్చటపడినారు. బావ నేసిన గళ్ళ గుడ్డ బల్లల కొలతకు తెండి. అంగడి అంగడికీ తిప్పుతా. అక్కను కూడా తీసుకొని రండి. చూసి శానా ఏండ్లయింది."

నేను జాబు రెండుసార్లు చదివాను. నాయన వింటూనే మూలనున్న నూలు కట్టల వైపు చూశాడు.

"నేస్తాలే" అన్నాడు. "మీరిద్దురూ పోండి."

"నేనా? సముద్రం దాటేదా?" అంది అమ్మ. "నువ్వు పోరాదా?"

"నాకు నేసేది తెలుసు, అమ్మేదానికి నా నోరు పనికిరాదు. సూసినావు గదా, సంతలో ఎవురన్నా బేరమాడితే గుడ్డ లాక్కొని ఇంటికొచ్చేస్తా. వాడికి ఇంగిలీసు ఉండాది. నీకు తమ్ముడుండాడు. తిరుమలయ్యకు నేను చెప్పుకుంటాలే, మీరొచ్చినాకనే నా మాట అని."

అట్లా మూడు మగ్గాల సంగతి మా మూటలోకి ఎక్కింది.

నాయన ఎరుపూ నీలం గళ్ళు, ఆకుపచ్చా పసుపు గళ్ళు నేశాడు. రంగులు తనే అద్దాడు. అమ్మ గంజి పెట్టింది. మాకు గంజి రెండుసార్లు. నేతకు ముందు నిలువు దారాల పడుగును వీధిలో చాచి, తెల్లారకముందే కుంచెతో గంజి పట్టిస్తే దారం తెగకుండా నిలుస్తుంది. అది ప్రతి ఇంట్లోనూ చేసేదే. రెండోది అమ్మ సొంతం. నేసి దించిన గుడ్డకు పలచగా ఇంకో గంజి ఇచ్చి, మడతపెట్టి, రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టేది. సంతలో జనం ఆ మడత విప్పి చెవి దగ్గర విదిలించి చప్పుడు వినేవాళ్ళు. "ఇది నాగులమ్మ చెయ్యి" అనేవాళ్ళు. నాయన పేరు గుడ్డకు ఎప్పుడూ లేదు, అమ్మ పేరు ఉండేది. నీళ్ళు తగిలిన గుడ్డ పాత గుడ్డ అని మా వీధి లెక్క. కొత్త గుడ్డ పళపళలాడాలి.

ఈసారి అమ్మ గంజి ఇంకా చిక్కగా కాచింది. "సముద్రం దాటే గుడ్డ రా. ఆడికి పోయేసరికి మెత్తబడితే మనకే నగుబాటు" అంది. మడతలు పలకల్లాగ నిలబడ్డాయి.

పాస్‌పోర్టుల కోసం తిరిగిన తిరుగుడు ఇక్కడ రాయను. మద్రాసు రేవులో ఓడెక్కాం. ఓడ కదిలాక ఒక ముసలి నావికుడు మేము నగరివాళ్ళమని విని పడమటికి చెయ్యి చూపించాడు. పాతకాలంలో ఓడలవాళ్ళు మా నగరి కొండ ముక్కు చూసుకొనే తీరానికి దగ్గరయ్యామని తెలుసుకొనేవాళ్ళట. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకొని చూసింది. ఆ పూట మబ్బు. "ఉంటాదిలే ఆడనే, యాడికి పోతాది" అని బియ్యం మూట మీద తల పెట్టి పడుకుంది. పినాంగులో దిగి, రైలెక్కి, మళ్ళీ పడవెక్కి సముయి చేరాం.

రేవులో మామ నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. పక్కన ఆయన భార్య మాలీ. మామ వంగి అమ్మ కాళ్ళు పట్టుకుంటే, మాలీ ఇంకా కిందికి వంగి చేతులు జోడించింది.

"రేయ్ రత్నం, ఏమిరా ఇట్లా ఎండిపోయినావు? ఈ బిడ్డ అన్నం పెట్టడం లేదా?"

"పెడతాదక్కా. చేపలు. మూడు పూట్లా. నేను ఇంగ కొన్నాళ్ళకు ఈదుతా."

మాలీకి ఏమర్థమైందో, నవ్వుతూ అమ్మ చేతిలోని మూట తీసుకుంది.

మర్నాడు పొద్దున మామ మమ్మల్ని ముందుగా తీసుకెళ్ళింది పా నువాన్ అంగడికి. ఆమె మాలీకి మేనత్త. అక్కడ పెద్దామెను 'పా' అంటారు. ఆ ద్వీపంలో కాఫీ అంగడి పెట్టిన తొలి వాళ్ళలో ఆమె ఒకరని, ఆమె ఏది చేస్తే మిగతావాళ్ళు అదే చేస్తారని మామ దారిలో చెప్పాడు. "ఆమె బల్లమీద మన గుడ్డ నిలిస్తే సాలు అల్లుడూ. ద్వీపమంతా నిలిచినట్టే."

కొబ్బరి తోపు దాటి మలుపు తిరగగానే నా నడక ఆగిపోయింది. కొండ కొన దిగి సముద్రంలోకి పోయినచోట పెద్ద పెద్ద రాతి గుండ్లు ఒకదానిమీద ఒకటి ఉన్నాయి. ఆ గుండ్ల నడుమ వెదురు నిలిపి, పైన కొబ్బరాకు కప్పి, కింద చెక్క పరిచారు. గోడలు లేవు. కింద నీళ్ళు ఒడ్డు దగ్గర పలచని ఆకుపచ్చ, ఆవల నీలం, ఇంకా ఆవల ఏ రంగో చెప్పలేను. అల వచ్చి గుండుకు తగిలినప్పుడు కాళ్ళకింది చెక్క సన్నగా వణికేది. నేను అప్పటిదాకా చూసిన కాఫీ హోటళ్ళన్నిట్లోనూ జనం గోడవైపు తిరిగి కూర్చొని, తొందరగా తాగి, వెనక నిలబడ్డవాడికి చోటు ఇచ్చేవాళ్ళు. ఇక్కడ ఎవరికీ తొందర లేదు. కూర్చోవడం కూడా తాగడంలో భాగమే.

"చంద్రగిరి గుండ్లు తెచ్చి సముద్రంలో ఏసినట్టుండాది రా" అంది అమ్మ.

పా నువాన్ లావుపాటి మనిషి. నోట తమలపాకు. గాజు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. అడుగున తెల్లగా చిక్కని డబ్బాపాలు, పైన నల్లని కాఫీ. పక్కనే గొంతు కడుక్కోవడానికి పలచని టీ. గ్లాసు చూపించి "కోపీ" అంది.

అమ్మ ముఖం విప్పారింది. "కాపీ అనే అంటారే వీళ్ళు కూడా! ఇంకేం రత్నం, భాష వచ్చేసినట్టే నాకు" అని స్పూను తిప్పకుండా పైన నల్లదంతా తాగేసి, "చేదు" అంది. పా నువాన్ పక్కన కూర్చొని ఆమె చెయ్యి పట్టి స్పూను తిప్పించింది. రెండో గుక్కకు అమ్మ కళ్ళు మూసుకుంది.

అప్పుడు నేను మూట విప్పాను. ఎరుపూ నీలం గుడ్డ మడత విదిలిస్తే సముద్రం చప్పుడును మించి వినిపించింది. బల్లమీద పరిస్తే అంచులు గాలికి కూడా వంగలేదు. ఆ ఎండలో గళ్ళు అప్పుడే గీసినట్టున్నాయి. పక్క బల్లల తెల్లవాళ్ళు లేచి వచ్చి చూశారు. పా నువాన్ ఏదో అంది. మామ తర్జుమా చేశాడు: "కొన్ని ఉంచండి, వాడి చూస్తాను, మా సంవత్సరాది తర్వాత చెప్తాను అంటా ఉండాది. నచ్చితే వచ్చే సీజనుకు అన్ని బల్లలకూ."

ఆ తర్వాత రోజులు నా జీవితంలోనే అందమైన రోజులు. మామ ఒక పాత వ్యాను మాట్లాడాడు. వెనక రెండు బెంచీలు, పైన రేకు. దాంట్లో ద్వీపం చుట్టూ తిరిగాం. జాలర్ల పల్లెలో నీళ్ళలో గుంజలు పాతి కట్టిన అంగడి. కూర్చుంటే చెక్కల సందుల్లోంచి కింద చేపలు కనిపించేవి. ఆ ఇంటావిడ మా కాఫీకి తెచ్చిన చక్కెరలోంచి చెంచాడు వాటికి వేసింది. ఇంకొకటి కొండమీద, తోటలో. అక్కడికి ఎక్కేసరికి అమ్మకు ఆయాసం వచ్చింది గాని, పైనుంచి రెండు పక్కలా సముద్రం చూసి అక్కడే చతికిలబడింది. తర్వాత, "తిరుమలకు నడిచి పోతే అలిపిరి కింద సిన్నదై పోతాది సూడు, అట్లా ఉండాది. దేవుడొక్కడే తక్కువ" అంది. ఇంకొకటి తోపులో, ఇసుకలో చాపలు పరిచి. అక్కడ కోతులు చెట్లెక్కి కొబ్బరికాయలు తెంపి కింద వేస్తున్నాయి. మనుషులే నేర్పారట.

"తిరుమల కొండమీది మన కోతుల్ని ఒకసారి ఈడికి తోలుకొని రావాల" అంది అమ్మ. "ఆడ మన చేతిలో కొబ్బరిచిప్ప లాక్కొని పోతాయి. ఈడ కోసి ఇస్తా ఉండాయి. సిగ్గు తెచ్చుకుంటాయి."

"అక్కా, అవి ఈడికొస్తే ఇవి చెడిపోతాయి" అన్నాడు మామ.

ప్రతి అంగట్లోనూ మా గుడ్డ పరిచాం. ప్రతిచోటా అదే మాట. సంవత్సరాది తర్వాత చెప్తాం. నేను నాయనకు కార్డు రాశాను: "అందరికీ నచ్చింది. మగ్గాలు తీయవద్దు."

ఆ కార్డు ఇంకా దారిలో ఉండగానే మొదటి గుడ్డ వెనక్కి వచ్చింది.

కొండమీది అంగడి యజమాని దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని తెచ్చాడు. అతనికి కాస్త ఇంగ్లీషు వచ్చు. "ఆంట్స్" అన్నాడు. మేము వెళ్ళి చూశాం. అతను తీయకుండా వదిలిన ఇంకో బల్లమీద ఎర్రచీమలు బారు కట్టి ఉన్నాయి. గళ్ళ గీత వెంబడే నడుస్తున్నాయి, ఎవరో గీసి ఇచ్చిన దారిలాగ. మర్నాడు జాలర్ల పల్లె నుంచి వచ్చింది. దానికి చీమల్లేవు గాని పులిసిన వాసన. తోపులోది జిగటపడి, వాలిపోయి, అంచులు బల్లకు అంటుకున్నాయి.

"అక్కా, నీ గంజి మరీ రుచిగా ఉండాది" అన్నాడు మామ తేలిగ్గా చెప్పాలని. "సీమలకు విందు పెట్టినట్టయింది."

అమ్మ నవ్వలేదు. "నా గంజికి ఎప్పుడన్నా సీమలు పట్టినాయా? ముప్పై ఏండ్లుగా పెడతా ఉండా. ఈడి గాలి మంచిది కాదు."

"గాలిలో ఉప్పు తేమ ఉంటుందమ్మా" అన్నాను నేను. "మనది ఎండుగాలి. అక్కడ గంజి ఆరి నిలుస్తుంది. ఇక్కడ అది ఆరదు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

నాకు తెలుసు ఏం చేయాలో. మామకూ తెలుసు. కాని ఆ మాట ఇద్దరమూ అనలేకపోయాం. సంతలో చెవి దగ్గర విదిలించి 'నాగులమ్మ చెయ్యి' అనే ఆ చప్పుడు కడిగేయమని ఎట్లా చెప్పేది?

అమ్మ రెండు రోజులు మామ ఇంట్లోనే మాలీతో పాటు వంటింట్లో కూర్చుంది. మాలీ కొబ్బరి తురుముతుంటే తనూ తురిమింది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. అయినా తురిమే చప్పుడులో ఏదో జరుగుతూ ఉండేది. మూడో పొద్దున అమ్మ చీర మార్చుకొని, "ఆ పెద్దామె అంగడికి పోదాం పదండి" అంది.

పా నువాన్ ఇంకా గుడ్డలు వెనక్కి పంపలేదు. మర్యాద కోసమే అనుకుంటాను. బల్లలమీద అవి వాలిపోయి ఉన్నాయి. అమ్మ మూల చాపమీద కూర్చొని కాఫీ తెప్పించుకుంది, ఈసారి తనే స్పూను తిప్పుకుంది. ఎదుటి బల్ల దగ్గర ఒక తెల్లపిల్లవాడు మోచెయ్యి ఆనించి పుస్తకం చదువుతున్నాడు. పేజీ తిప్పడానికి చెయ్యి ఎత్తాడు. గుడ్డ కూడా చేతితో పాటు లేచింది. అతను దాన్ని చర్మంనుంచి మెల్లగా ఊడదీసుకొని, మళ్ళీ చదువుకుంటూ చెయ్యి ఒడిలో పెట్టుకున్నాడు. ఆ తర్వాత బల్లను ముట్టుకోలేదు.

అమ్మ అదంతా చూసింది. కాఫీ ఆఖరి చుక్కదాకా తాగి, గ్లాసు కింద పెట్టింది.

"రత్నం, ఆ పక్కన గుండుమీంచి జారతా ఉండేది మంచినీళ్ళేనా, ఉప్పునీళ్ళా?"

"మంచినీళ్ళక్కా. కొండవాగు."

అమ్మ లేచి బల్లలమీది గుడ్డలన్నీ తనే తీసింది. పా నువాన్ ఏమిటన్నట్టు చూస్తే, చెయ్యి ఊపి కూర్చోమంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి వాగులో దిగింది. మాలీ కూడా దిగింది. గుడ్డ నీళ్ళలో ముంచి బండమీద పెట్టి మెల్లగా తొక్కితే, బియ్యం కడిగినట్టు నీళ్ళు తెల్లగా పోయాయి. ఆ తెల్లదనం గుండ్ల మధ్యన తిరిగి సముద్రంలో కలిసింది. నేను ఒడ్డున నిలబడి ఒక్కొక్కటే అందిస్తున్నాను.

రెండో మునకకు అమ్మ గుడ్డను ఎండకు ఎత్తి చూసింది.

"పోతా ఉండేదంతా నాదే రా" అంది. "మీ నాయంది పోలేదు సూడు. ఎరుపు ఎరుపుగానే ఉండాది."

అంతే. ఆ తర్వాత మళ్ళీ ముంచి తొక్కడం మొదలుపెట్టింది. మామ ముఖం తిప్పుకొని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

గుండ్లమీద ఆరేసిన గుడ్డలు మధ్యాహ్నానికే ఆరాయి. వాటిని బల్లమీద వేస్తే చప్పుడు చేయలేదు. బల్ల చుట్టూ జారి, గాలికి కదిలి, అంచులు మెల్లగా పైకి లేచి పడ్డాయి. గళ్ళు కొంచెం లోపలికి పోయినట్టు, కంటికి చల్లగా ఉన్నాయి. నాకు నచ్చాయి. నచ్చాయని అమ్మతో అనడానికి మాత్రం నోరు రాలేదు.

ఆ వారంలోనే వాళ్ళ సంవత్సరాది. మా నగరిలో తమిళులు చేసుకొనే రోజులకే అక్కడా వస్తుంది. వీధుల్లో జనం ఒకరిమీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నారు. ఇంట్లో పెద్దల చేతుల మీద చిన్నవాళ్ళు పూల నీళ్ళు పోయడం ఆచారమట. మాలీ వెండి గిన్నెలో మల్లెపూలు వేసిన నీళ్ళు తెచ్చి అమ్మ ముందు కూర్చుంది. అమ్మ చేతులు చాచింది. వాగులో నానడంతో వేళ్ళ కొసలు ఇంకా ముడతలుగానే ఉన్నాయి. మాలీ నీళ్ళు పోస్తుంటే అమ్మ, "సల్లగ బతుకు తల్లీ" అంది. మాలీ ఏమందో నాకు తెలియదు. అమ్మకు తెలిసినట్టే తలూపింది.

ఆ సాయంత్రం పా నువాన్ అంగడికి పోయాం. ఆమె పళ్ళెం పట్టుకొని బల్లల మధ్య తిరుగుతోంది. నడుస్తూనే ఒక బల్ల దగ్గర ఆగి అరచేత్తో గుడ్డను అటూ ఇటూ రాసింది. ముందు కొన్నాళ్ళు చూసిన గుడ్డే ఇదా అన్నట్టు అంచు ఎత్తి చూసింది. తర్వాత ఖాళీ బల్లమీది గుడ్డ ఒకటి తీసి, భుజాన వేసుకొని, ముఖం దానికి ఆనించి తుడుచుకొని, అట్లాగే భుజంమీద ఉంచుకొని కాఫీలు అందించింది. చీకటి పడేదాకా దాన్ని దించలేదు.

వెళ్ళేటప్పుడు మామతో చెప్పింది. ఇట్లాగే కావాలి. ఉతికి, మెత్తగా. అన్ని బల్లలకూ, దిండ్లకూ. వచ్చే సీజనుకు ముందే. మిగతా అంగళ్ళవాళ్ళతో తాను మాట్లాడుతుందట.

మామ సంతోషం పట్టలేక నన్ను ఎత్తబోయి వదిలేశాడు. అంతలోనే అమ్మవైపు తిరిగి తల గోక్కున్నాడు.

"అక్కా, నీళ్ళు తగిలిన గుడ్డ బావ అమ్ముతాడా? ఒక జాబు రాసి అడగొద్దా?"

"అడిగితే వద్దంటాడు" అంది అమ్మ. "సరేనని చెప్పు ఆమెకు."

మా ఇంట్లో ఒక గుడ్డ సంగతి నాయనను అడగకుండా తేలడం నేను చూడటం అదే మొదటిసారి.

మే నెల ఎండలో నగరి చేరాం. నాయన మా చేతుల్లోంచి మూట తీసుకొని, మేము కాళ్ళు కడుక్కోకముందే విప్పాడు. పా నువాన్ గుర్తుగా ఇచ్చిన గుడ్డ పైనే ఉంది. బొటనవేలితో రాసి చూశాడు. విదిలించాడు. చప్పుడు లేదు.

"ఎవురు కట్టి ఇడిసింది ఇది?"

"ఎవురూ కట్టలేదు" అంది అమ్మ. "నేనే ఉతికినా."

"కొత్త గుడ్డనా?"

అమ్మ నడవ మధ్యలో నిలబడే అంతా చెప్పింది. చీమలు, వాసన, తెల్లపిల్లవాడి మోచెయ్యి, వాగు. ఏదీ దాచలేదు, ఏదీ పెంచలేదు. ఇంగ నుంచి నేసినవన్నీ ఉతికి పంపాలని, తాను ఒప్పుకొని వచ్చానని చెప్పింది.

"ఉతికి పంపితే నీ చెయ్యి యాడుంటాది దాంట్లో?" అన్నాడు నాయన. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

"లేకుంటే పోయె. కడిగినాక ఏం మిగిలిందో దాన్నే ముచ్చటపడి కొంటా ఉండారు వాళ్ళు. అది నీది."

నాయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

మళ్ళీ నేత మొదలైంది. రెండో గంజి మానేసినా పడుగుకు పట్టించిన గంజి ఉంటుంది గనుక, దిగిన గుడ్డల్ని అమ్మ పెరట్లో చిన్న తొట్టిలో ఉతికేది. చాలేది కాదు. రెండు మూడు గుడ్డలకే నీళ్ళు చిక్కబడేవి. ఎండలకు వీధి బావిలో నీళ్ళు లోతుకు దిగాయి. గోడవతలి ఆడవాళ్ళు చూసిపోయేవాళ్ళు. "కొత్త గుడ్డలు ఉతుకుతా ఉండాది నాగులమ్మ. అమ్ముడుపోక మాసిపోయినాయేమో పాపం" అని ఒకావిడ గట్టిగానే అంది. మగ్గంలో ఉన్న నాయనకు వినిపించింది. నాడె ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది.

మరుసటి రోజు పొద్దున నాయన మగ్గంలో కూర్చోలేదు. మూలనున్న మూడో మగ్గం కొయ్యలు విప్పి గోడకు చేర్చాడు. మాకు గుంట మగ్గాలు. నేసేవాడు గుంటలో కాళ్ళు పెట్టి, నేలమీద కూర్చొని నేస్తాడు. ఆ గుంటకు మేము పండగనాడు పసుపూ కుంకుమా పెడతాం. దాని దరిదాపుల్లో తడి పనికిరాదు, చెంబుడు నీళ్ళు ఒలికితేనే నాయన ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాడు. అట్లాంటిది ఆ గుంటను తనే వెడల్పు చేసి, సిమెంటు కలిపి, లోపలంతా నున్నగా పూశాడు. "నేను చేస్తాను నాయనా" అంటే, "నువ్వు ఆ అంగళ్ళకు జాబులు రాయిపో" అన్నాడు. సిమెంటు ఆరేదాకా రెండో మగ్గం దులిపి తాళ్ళు బిగించాడు. ఆ మగ్గంమీద నేసినవాణ్ణి మళ్ళీ రమ్మని కబురు పంపాడు.

తిరుమలయ్య వచ్చింది గుంట నింపే రోజునే. గడపలో నిలబడి లోపలికి తొంగిచూశాడు.

"మునెంకటప్పా! ఏంది ఇది? మగ్గం గుంటలో నీళ్ళా?"

"ఆఁ."

"ఎండ దెబ్బ తగిలిందా నీకు?"

"నడవలో చోటు లేదు తిరుమలయ్యా" అన్నాడు నాయన బిందె దించకుండానే. "ఇంగో ఇల్లు సూసుకో."

తిరుమలయ్య కాసేపు ఆయనవైపు, కాసేపు గుంటవైపు చూశాడు. "సరే. మజ్జిగన్నా ఇప్పించండి, ఎండలో వచ్చినా" అని అరుగుమీద కూలబడ్డాడు.

నేను మజ్జిగ తెచ్చి ఇచ్చేసరికి అమ్మ కుచ్చిళ్ళు ఎగదోపి గుంటలో దిగి ఉంది. నాయన కాళ్ళు పెట్టే లోతు అది. అమ్మకు మోకాళ్ళ పైకి వచ్చింది. ఎరుపూ నీలం గుడ్డలు ఒక్కొక్కటే కాళ్ళకింద వేసుకొని తొక్కడం మొదలుపెట్టింది. నీళ్ళు తెల్లబడుతున్నాయి. నాయన ఖాళీ బిందె పట్టుకొని గట్టుమీద నిలబడ్డాడు.

"సాలునా నీళ్ళు?"

అమ్మ వంగి ఒక గుడ్డ ఎత్తి, వెలుతురుకు చూసి, మళ్ళీ ముంచింది.

"సాలవు. ఇంగ రెండు బిందెలు పొయ్యి."

నాయన బిందె భుజానికెత్తుకొని బావికి పోయాడు.